మైదానం మూసేసినా ఆట మానని లిల్లీ

సాయంత్రం అయిదయ్యేసరికి మా తిరువూరులో ఏ ఖాళీ స్థలం చూసినా మగపిల్లలే. బ్యాటు, బంతి, ఒకటే గోల. వాళ్ళ అక్కచెల్లెళ్ళేమో అరుగుల మీదా డాబాల మీదా నిలబడి చూస్తూంటారు. బంతి ఇంట్లోకి వచ్చి పడితే తీసి విసరడం వరకే వాళ్ళ వంతు. మనలో చాలామందికి ఇది కొత్త సంగతేమీ కాదు. చిన్నప్పుడు కబడ్డీలో, ఖోఖోలో మగపిల్లల్ని ఓడించినవాళ్ళమే. ఓణీ వేసుకున్న రోజుతో ఆ ఆట కాస్తా ఆగిపోయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇక చాల్లే అన్నారు. అంతే!

అలా ఇక చాల్లే అని ఒక దేశంలోని ఫుట్‌బాల్ పెద్దలందరూ కలిసి ఒక తీర్మానమే చేశారు. అది 1921లో, ఇంగ్లండులో. అప్పటికి లిల్లీ పార్‌కి పదహారేళ్ళు. ఆ దేశంలో ఆమెలా బంతిని తన్నగల ఆడపిల్ల మరొకతె లేదని పేరు. ఆ తీర్మానం తర్వాత ఆమె ఇంకో ముప్ఫై ఏళ్ళు ఆడింది. ఉద్యోగం చేసుకుంటూ, ఎక్కడ కాస్త నేల దొరికితే అక్కడ ఆడింది. ఆమె కథ చదువుతుంటే మనసుకి సంతోషమూ కలుగుతుంది, బాధా కలుగుతుంది.

గాజు ఫ్యాక్టరీల ఊరి పిల్ల

లిల్లీ 1905 ఏప్రిల్ 26న లాంకషైర్‌లోని సెయింట్ హెలెన్స్ అనే ఊళ్ళో పుట్టింది. లివర్‌పూల్‌కి దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు. బొగ్గు గనులకూ గాజు ఫ్యాక్టరీలకూ ప్రసిద్ధి. తండ్రి జార్జి గాజు ఫ్యాక్టరీలో కూలీ. తల్లి పేరు శారా. వాళ్ళకి ఏడుగురు పిల్లలు, వాళ్ళలో లిల్లీ నాలుగోది. అన్నదమ్ముల మధ్య పెరిగిన పిల్ల కావడంతో వాళ్ళు ఆడే ఆటే ఆమె ఆటా అయింది. ఇంటి దగ్గరి బీడు నేలలో వాళ్ళతో సమానంగా ఫుట్‌బాల్ ఆడేది, రగ్బీ ఆడేది. కుట్లూ అల్లికలూ నేర్చుకోవాల్సిన వయసులో ఈ తన్నులాటేమిటని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకునే కాలమది. లిల్లీ మాత్రం పట్టించుకునే రకం కాదు.

మనిషి పొడగరి. పెద్దయ్యాక ఆరడుగులకు కాస్త తక్కువ. నల్లని జుట్టు, గట్టి ఒళ్ళు. ఎడమ కాలితో బంతిని తన్నిందంటే తూటాలా దూసుకుపోయేదట. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే దళసరి తోలు బంతి. వాన పడితే నీళ్ళు పీల్చుకుని రాయిలా బరువెక్కిపోయేది. అలాంటి బంతిని మైదానం అంచు నుంచి గోల్ దాకా కొట్టడం పెద్దపెద్ద మగవాళ్ళకే కష్టం. లిల్లీకి పదమూడూ పద్నాలుగేళ్ళకే అది అలవాటైపోయింది. ఒకసారి ఒక మగ గోల్‌కీపర్ ఆమెను తేలిగ్గా తీసుకుని బంతికి అడ్డం వెళితే అతని చెయ్యి విరిగిందని కూడా చెప్పుకుంటారు.

యుద్ధం తెచ్చిన ఆట

ఆడపిల్లలు అన్నేసి మంది మైదానంలోకి ఎలా వచ్చారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైంది. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీలు ఆగకూడదు కదా! మరి పనిచేసేదెవరు? అప్పటిదాకా ఇంటిపనీ నౌకరీ తప్ప మరొకటి తెలియని ఆడవాళ్ళు వేల సంఖ్యలో యంత్రాల ముందుకొచ్చి నిలబడ్డారు. ఫిరంగి గుండ్లు తయారుచేశారు.

ప్రెస్టన్ అనే పట్టణంలో డిక్ కెర్ కంపెనీ ఉండేది. స్కాట్లండులోని కిల్‌మార్నాక్‌కి చెందిన డిక్, కెర్ అనే ఇద్దరు పెట్టిన సంస్థ అది. ట్రాములు తయారుచేసే ఆ కంపెనీలో యుద్ధం రోజుల్లో మందుగుండు సామాను తయారైంది. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడి అమ్మాయిలు ఆవరణలో బంతి తన్నుతూ ఆడుకునేవారు. చిన్న కిటికీ అద్దానికి గురిపెట్టి కొట్టడం వాళ్ళకో సరదా. మగ కార్మికులు వేళాకోళం చేశారు. ఈ అమ్మాయిలు పందెం కట్టారు. గ్రేస్ సిబర్ట్ అనే ఆమె ముందుండి జట్టుని కూడగట్టింది. ఆఫీసులో పనిచేసే ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంక్‌లండ్ కిటికీలోంచి వీళ్ళ ఆట చూసి, ఇది సరదాతో ఆగేది కాదని కనిపెట్టాడు. జట్టు నడిపే బాధ్యత తను నెత్తినేసుకున్నాడు.

1917లో సరిగ్గా క్రిస్మస్ రోజున ప్రెస్టన్‌లోని డీప్‌డేల్ మైదానంలో మొదటి ఆట జరిగింది. గాయపడిన సైనికుల ఆసుపత్రికి సాయంగా ఆడారు. పదివేల మంది వచ్చారు. ఇంకో ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టుని డిక్ కెర్ అమ్మాయిలు 4-0తో ఓడించారు. ఖర్చులు పోను 200 పౌండ్లకు పైగా పోగైంది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

అన్నట్టు, బ్రిటన్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి ఇదే మొదలు కాదు. 1881 మే నెలలోనే స్కాట్లండులోని ఎడిన్‌బరోలో స్కాట్లండు, ఇంగ్లండు పేర్లతో ఆడవాళ్ళ జట్లు తలపడ్డాయి. అందులో మొదటి గోలు కొట్టిన స్కాట్లండు జట్టు అమ్మాయి పేరు కూడా లిల్లీయే, లిల్లీ సెయింట్ క్లేర్. ఆ తర్వాత కొద్ది రోజులకే గ్లాస్గోలో ఆడుతుంటే జనం మైదానంలోకి చొరబడి ఆట ఆపించేశారు. ఆడవాళ్ళు ఆటకు దిగడమూ, దిగిన చోటల్లా ఎవరో ఒకరు ఆపడమూ అప్పటినుంచీ ఉన్నదే.

పద్నాలుగేళ్ళకే జట్టులో

లిల్లీ మొదట తన ఊరి జట్టు సెయింట్ హెలెన్స్ తరఫున ఆడింది. డిక్ కెర్ జట్టుతో ఆడిన ఆటలో ఆమె జట్టు ఓడిపోయింది. ఓడిన జట్టులోని ఈ పొడుగుపిల్ల మీద ఫ్రాంక్‌లండ్ కన్ను పడింది. ఆమెనూ, ఆలిస్ వుడ్స్ అనే ఇంకో అమ్మాయినీ ప్రెస్టన్‌కి రమ్మన్నాడు. లిల్లీకి అప్పటికి పద్నాలుగో పదిహేనో. కంపెనీలో ఉద్యోగం, ఆటకు పది షిల్లింగులు ఇస్తామన్నారు. పది షిల్లింగులంటే అర పౌండు. అది జీతం అనడానికి లేదు. ఆటకోసం పని మానేసిన రోజున పోయే కూలికి బదులు, అంతే. సిగరెట్లు కూడా అడిగిందని ఒక కథ ఉంది. ఆమె బాగా సిగరెట్లు తాగే మనిషన్నది మాత్రం అందరూ చెప్పేదే.

అంత చిన్న పిల్ల ఇల్లు వదిలి వేరే ఊరు వెళ్ళి, జట్టులోని మరో అమ్మాయి ఇంట్లో ఉండి పనికెళ్ళింది. మొదటి సీజన్‌లోనే 43 గోళ్ళు కొట్టిందని లెక్క. ఆమెది మైదానంలో ఎడమ అంచు స్థానం. అంచు వెంబడి పరుగెత్తుకెళ్ళి బంతిని గోల్ ముందుకు అందించడం ఆ స్థానంలోవాళ్ళ పని. లిల్లీ అందించడమూ చేసేది, తనే కొట్టేయడమూ చేసేది. వెనకనుంచి ఎదుటి జట్టువాళ్ళు ఎందరు తరుముకొచ్చినా కంగారుపడేది కాదట.

1920 లిల్లీకీ ఆమె జట్టుకీ మరచిపోలేని ఏడాది. ఫ్రాన్సు నుంచి ఆలిస్ మిలియా నాయకత్వంలో ఆడవాళ్ళ జట్టు వచ్చింది. డీప్‌డేల్‌లో జరిగిన మొదటి ఆటకు 25 వేల మంది వచ్చారు. అదే ఏడాది డిక్ కెర్ అమ్మాయిలు ఫ్రాన్సు వెళ్ళి పారిస్‌లో ఆడి వచ్చారు. ఫ్యాక్టరీ గేటు దాటి ఎరగని పిల్లలు ఓడెక్కి పరాయి దేశం వెళ్ళడమంటే మాటలా! డిసెంబరులో రాత్రిపూట ఆట పెట్టారు. సైన్యం దగ్గరున్న రెండు సెర్చిలైట్లు అడిగి తెచ్చారు. అందుకు అప్పటి యుద్ధమంత్రి విన్‌స్టన్ చర్చిల్ అనుమతి ఇచ్చాడు. చీకట్లో కనబడాలని బంతికి సున్నం వేశారు. ఆ వింత చూడ్డానికి 12 వేల మంది వచ్చారు.

యాభై మూడు వేల మంది

ఇక అదే 1920 డిసెంబరు. లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ మైదానం. డిక్ కెర్ జట్టుకీ సెయింట్ హెలెన్స్ జట్టుకీ పోటీ. అంటే లిల్లీ తన సొంత ఊరి అమ్మాయిల మీదే ఆడుతోందన్నమాట. మైదానంలో 53 వేల మంది. చోటు చాలక గేట్ల బయట మరో 14 వేల మంది నిలబడిపోయారు. మా తిరువూరు ఊరంతా తాళాలేసుకుని వెళ్ళినా ఆ స్టేడియం నిండదేమో!

ఆ రోజు జట్టు ముఖ్య స్ట్రైకర్ ఫ్లోరీ రెడ్‌ఫర్డ్ రైలు తప్పిపోయి రాలేకపోయింది. రెండో సగంలో కెప్టెన్ ఆలిస్ కెల్ వెనక వరస వదిలి ముందుకొచ్చి ఆమె స్థానంలో ఆడింది, వరసగా మూడు గోళ్ళు కొట్టింది. 4-0తో డిక్ కెర్ గెలిచింది. వసూలైన 3,115 పౌండ్లూ యుద్ధంలో దెబ్బతిని వచ్చి పనుల్లేక ఉన్న సైనికుల సహాయానికి వెళ్ళాయి. ఇంగ్లండులో ఆడవాళ్ళ ఆటకు మళ్ళీ అంతకన్నా ఎక్కువ జనం రావడానికి 2012 లండన్ ఒలింపిక్స్ దాకా, అంటే 90 ఏళ్ళకు పైగా పట్టింది.

1921లో డిక్ కెర్ జట్టు 67 ఆటలు ఆడింది. మొత్తం తొమ్మిది లక్షల మంది చూశారని అంచనా. అదీ ఎలా? అందరూ పూర్తి రోజు ఉద్యోగాలు చేస్తూనే! పొద్దున్నుంచి ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రం రైలెక్కి ఆడి, అర్ధరాత్రి తిరిగొచ్చి, మళ్ళీ తెల్లారి పనికెళ్ళడం. ఇంటిపనీ బయటిపనీ నెట్టుకొచ్చే మనకు ఆ అలసట ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తీర్మానం

ఇంత ఆదరణ చూసి ఫుట్‌బాల్ పెద్దలు మురిసిపోయి ఉంటారనుకుంటున్నారా? సరిగ్గా దానికి వ్యతిరేకం. యుద్ధం అయిపోయింది. మగవాళ్ళు తిరిగొచ్చారు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళని ఇళ్ళకు పొమ్మన్నారు. ఆటలో కూడా అదే జరిగింది. దేశంలో అప్పటికే దాదాపు 150 ఆడవాళ్ళ జట్లున్నాయి. దానికితోడు 1921లో బొగ్గుగని కార్మికుల పని ఆగిపోయి, వాళ్ళ కుటుంబాలు పస్తులుంటే వాళ్ళకోసం కూడా ఆడవాళ్ళు ఆడి డబ్బు పోగుచేశారు. అది కూడా కొందరికి కంటగింపైందని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ సమావేశమై ఒక తీర్మానం చేసింది. ఫుట్‌బాల్ ఆడవాళ్ళకు తగిన ఆట కాదనీ, దాన్ని ప్రోత్సహించకూడదనీ దాని సారాంశం. విరాళాల పేరిట వసూలైన డబ్బులో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోందన్న నింద కూడా వేశారు. తన కింద ఉన్న క్లబ్బులేవీ ఆడవాళ్ళకు మైదానాలు ఇవ్వకూడదని ఆదేశించారు. చూడండి, ఆడవద్దని నేరుగా అనలేదు. ఆడే చోటు లేకుండా చేశారు. పెద్ద మైదానాలన్నీ ఆ క్లబ్బులవే మరి!

పనికెళ్ళే అమ్మాయిలు ఊరూరా తిరిగి ఆడాలంటే పోయిన కూలి డబ్బులు ఎవరో ఒకరు ఇవ్వకపోతే ఎలాగని కెప్టెన్ ఆలిస్ కెల్ అడిగింది. సమాధానం చెప్పినవాళ్ళు లేరు.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక విశేషం చెప్పాలి. ఆడవాళ్ళ శరీరం ఈ ఆటకు తట్టుకోదని అభిప్రాయం చెప్పినవాళ్ళలో డాక్టర్ మేరీ షార్లీబ్ ఒకరు. ఆమె ఎవరనుకున్నారు? 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన మొదటి నలుగురు ఆడవాళ్ళలో ఒకరు. మగ డాక్టర్లకు చూపించుకోలేక పురిటి మంచాల మీదే ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీల కోసం చదివిన మనిషి. మద్రాసులో గోషా ఆసుపత్రి అని మన పెద్దవాళ్ళు పిలిచేదాన్ని 1885లో మొదలుపెట్టడంలో ఆమెదే ముఖ్య పాత్ర. ఆడవాళ్ళు వైద్యం చదవలేరన్న మాటను తన జీవితంతో అబద్ధం చేసి చూపించిన ఆ మహాతల్లే, ఆడవాళ్ళు బంతి ఆడలేరన్న మాటను నమ్మింది. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు అదోలా అయింది. మన కూతుళ్ళ విషయంలో మనమూ ఎక్కడో అక్కడ ఇలాంటి గీత గీస్తూనే ఉన్నామేమో!

ఓడెక్కి అమెరికాకు

చాలా జట్లు ఒకటొకటిగా చెదిరిపోయాయి. డిక్ కెర్ జట్టు చెదరలేదు. 1922లో ఓడెక్కి కెనడా వెళ్ళారు. తీరా అక్కడికి చేరాక కెనడా ఫుట్‌బాల్ సంఘం కూడా వీళ్ళు ఆడటానికి వీల్లేదంది. అంతదూరం వెళ్ళి వెనక్కి తిరిగి రాలేదు వాళ్ళు. అమెరికాలోకి వెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళ జట్లు దొరక్కపోతే మగవాళ్ళ జట్లతోనే ఆడారు. మొదటి ఆట న్యూజెర్సీలోని పేటర్సన్‌లో 6-3తో ఓడిపోయారు. మగవాళ్ళ మీద మూడు గోళ్ళు కొట్టడమూ తక్కువేం కాదు. తర్వాత కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు, కొన్ని సమం చేశారు. పదిహేడేళ్ళ లిల్లీ ఆటకు అక్కడి పత్రికలు ఆశ్చర్యపోయాయి.

ఇంటికొచ్చాక మళ్ళీ పాత పాటే. రగ్బీ మైదానాలు, పార్కులు, పొలాల పక్కన ఖాళీ నేలలు, ఎక్కడ చోటిస్తే అక్కడ. యాభై వేల జనం లేరు. కొన్నిచోట్ల వేలల్లో, కొన్నిచోట్ల వందల్లో వచ్చేవారు. అయినా ఆడేవారు.

నర్సు లిల్లీ

డిక్ కెర్ ఫ్యాక్టరీ ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ చేతుల్లోకి వెళ్ళింది. కొత్త యాజమాన్యంతో ఫ్రాంక్‌లండ్‌కి పడలేదు. 1926లో జట్టుకీ ఫ్యాక్టరీకీ తెగిపోయింది. అక్కణ్ణుంచి ప్రెస్టన్ లేడీస్ అన్న పేరుతో ఆడారు. ఫ్రాంక్‌లండ్ కిరాణా కొట్టు పెట్టుకుని జట్టుని నడుపుతూ వచ్చాడు.

ఫ్యాక్టరీ లేకపోతే మరి అమ్మాయిల బతుకుతెరువు ఎలా? ప్రెస్టన్ దగ్గర విటింగమ్ అనే చోట మానసిక రోగుల పెద్ద ఆసుపత్రి ఉండేది. జట్టులో కొందరికి అక్కడ ఉద్యోగాలు దొరికాయి. లిల్లీ కూడా అక్కడ చేరి నర్సుగా శిక్షణ పొందింది. పదవీ విరమణ దాకా ఆ ఆసుపత్రిలోనే పనిచేసింది. వారమంతా రోగుల సేవ, సెలవు దొరికితే బంతి. ఆసుపత్రిలో పరిచయమైన మేరీ అనే ఆమె లిల్లీకి జీవితాంతం తోడుగా నిలిచింది. ఇద్దరూ గూస్‌నార్ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో ఉన్నారు. లిల్లీ పెళ్ళి చేసుకోలేదు. తన సంపాదనతో ఇల్లు కొనుక్కుంది. కూలివాడి కూతురికి, అందులోనూ ఆ కాలపు ఒంటరి ఆడమనిషికి అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

1937లో స్కాట్లండు నుంచి వచ్చిన ఎడిన్‌బరో అమ్మాయిల జట్టుతో పెద్ద పోటీ జరిగింది. గెలిచినవాళ్ళే ప్రపంచ విజేతలని ప్రకటించుకున్నారు. లిల్లీ జట్టు 5-1తో గెలిచింది. ఏ సంఘమూ గుర్తించకపోయినా, కప్పు ఇచ్చే పెద్దమనుషులు లేకపోయినా, తమకు తామే ఛాంపియన్లమని చెప్పుకున్నారు. తప్పేముంది?

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆట కొన్నాళ్ళు సన్నగిల్లింది. 1946లో లిల్లీని కెప్టెన్ చేశారు. అప్పటికామెకు 41 ఏళ్ళు. మన వైపు ఆ వయసుకి మోకాళ్ళ నొప్పులంటూ తైలాలు రాసుకుంటూ కూర్చుంటాం. ఆవిడ 1950 ఆగస్టులో, 45 ఏళ్ళ వయసులో, స్కాట్లండు జట్టు మీద ఆడి గోలు కొట్టింది. ఆ ఆటలో లిల్లీ జట్టు 11-1తో గెలిచింది. 1951కల్లా ఆటకు స్వస్తి చెప్పింది. మొత్తం మీద ఆమె కొట్టిన గోళ్ళు దాదాపు 980 ఉంటాయని లెక్క వేశారు.

చూడగలిగిన రోజు, చూడలేని రోజు

1967లో లిల్లీకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రెండు రొమ్ములూ తొలగించే ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు బతికింది. మనలో ఇంకా ఎంతోమంది సిగ్గుపడి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోకుండా జబ్బు ముదరబెట్టుకుంటున్నారు. ఎప్పుడో అరవయ్యేళ్ళ కిందటే ఆ ఆపరేషన్ తర్వాత పదకొండేళ్ళు గడిపిన లిల్లీని ఆ విషయంలో కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆమె బతికుండగా ఒక మంచి మాట వింది. 1971లో ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆ పాత నిషేధం ఎత్తేసింది. సరిగ్గా యాభై ఏళ్ళు పట్టింది. 1972 నవంబరులో స్కాట్లండులోని గ్రీనక్‌లో ఇంగ్లండు, స్కాట్లండు ఆడవాళ్ళ జట్ల మధ్య మొదటి అధికారిక అంతర్జాతీయ పోటీ జరిగింది. ఇంగ్లండు 3-2తో గెలిచింది. అప్పటికి లిల్లీకి 67 ఏళ్ళు. దేశం తరఫున అధికారికంగా ఆడే అదృష్టం ఆమెకు జీవితంలో దక్కనే లేదు. ఎన్నో దేశాల జట్లతో ఆడినా, రికార్డుల్లో ఆమె పేరు పక్కన ఆ గౌరవం లేదు.

1978 మే 24న గూస్‌నార్‌లో కన్నుమూసింది. సెయింట్ హెలెన్స్‌లో, తను చిన్నప్పుడు బంతి తన్నుకుంటూ తిరిగిన ఊళ్ళోనే ఆమె సమాధి ఉంది. ఆమె జట్టు అంతకుముందే 1965లో మూతపడింది. ఆడిన 828 ఆటల్లో ఓడినవి 24 మాత్రమేనని జట్టు లెక్కలు చెబుతున్నాయి.

పేరు రావడం ఆ తర్వాతే. 2002లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రముఖుల వరసలో చోటు దక్కిన మొదటి మహిళ లిల్లీ. 2019లో మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఆమె కంచు విగ్రహం పెట్టారు. ఆ దేశంలో ఒక మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణికి విగ్రహం పెట్టడం అదే మొదలు. 2022 జూలై 31న లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండు అమ్మాయిలు జర్మనీని ఓడించి యూరప్ కప్పు గెలిచిన రోజు 87,192 మంది చూడ్డానికి వచ్చారు. లిల్లీ ఉండి చూసివుంటే!

కిల్‌మార్నాక్ నుంచి నిజామాబాద్ దాకా

నిషేధం దెబ్బ లిల్లీ తరంతో పోలేదు. డిక్ కెర్ కంపెనీ పెట్టిన ఇద్దరిదీ కిల్‌మార్నాక్ అని చెప్పాను కదా. సరిగ్గా ఆ ఊళ్ళోనే 1955లో రోజ్ రీలీ అనే పిల్ల పుట్టింది. మగపిల్లల జట్టులో ఆడటానికి జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఆ పిల్లాడు ఎవరో బాగా ఆడుతున్నాడని ఒక పెద్ద క్లబ్బువాళ్ళు వాకబు చేశారట. పిల్లాడు కాదు పిల్ల అని తెలిసి వెళ్ళిపోయారు. యూరప్ సంఘాలన్నీ ఆడవాళ్ళ ఆటను గుర్తిద్దామని 1971లో ఓటు వేస్తే కాదన్నది ఒక్క స్కాట్లండు సంఘమే. చివరికి రోజ్ తన దేశం వదిలి మొదట ఫ్రాన్సు, తర్వాత ఇటలీ వెళ్ళి పేరు తెచ్చుకుంది. ఇటలీ జట్టు తరఫునే ఆడి 1984లో కప్పు గెలిచింది. పుట్టింటివాళ్ళు కాదన్న బిడ్డను పరాయివాళ్ళు నెత్తిన పెట్టుకున్నట్టయింది. స్కాట్లండు ఆమెను తన ఫుట్‌బాల్ ప్రముఖుల్లో చేర్చుకున్నది 2007లో.

మరి మన దగ్గర? నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టు స్ట్రైకర్ల వరసలో నిలబడింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడటానికి వెళ్ళింది. 2025లో దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. మన తెలుగమ్మాయి! ఈ పేరు మన ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు? క్రికెట్ ఆటగాళ్ళ పెళ్ళాం పిల్లల పేర్లు కూడా చెప్పగలం గానీ!

లిల్లీ కథలో నన్ను బాగా పట్టేసింది ఆ 53 వేల జనం కాదు. ఆ జనం లేని ముప్ఫై ఏళ్ళు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేక, మైదానం ఇచ్చేవాళ్ళు లేక, డ్యూటీ దిగి వచ్చి ఏ పార్కు మూలో కాళ్ళకి బూట్లు కట్టుకున్న ఆ నర్సు లిల్లీ. ఆటంటే ఆమెకు పతకం కాదు, పేరు కాదు, ఇష్టం. ఇష్టమైన పని మానెయ్యడానికి ఆమెకు ఏ కారణమూ చాలినట్టు లేదు.

మన పిల్లలందరూ లిల్లీలూ సౌమ్యలూ కానక్కర్లేదు. కానీ రేపు సాయంత్రం బంతి ఇంట్లోకి వచ్చి పడి, అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి మన మొహంలోకి చూస్తే, కాసేపు వెళ్ళి ఆడుకురమ్మని పంపిద్దాం. అంట్లు ఎక్కడికీ పోవు.